సదస్సుకు వెళ్లింది ఎవరో అడగండి

అయ్యా,

మధుమేహ రోగుల కోసం పనిచేస్తున్నామని చెప్పుకునే స్వచ్ఛంద సంస్థలు దాతల సొమ్ముతో విదేశీ సదస్సులకు వెళ్లడం విహారయాత్రకు మరో పేరు మాత్రమేనని ఒక పాఠకుడు మీ పత్రికకు రాసిన లేఖ చదివాను. అలాంటి ఒక చిన్న సంస్థకు నేను కోశాధికారిని. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2025 ఏప్రిల్ 7 నుంచి 10 వరకు బ్యాంకాక్‌లో నిర్వహించిన ప్రపంచ మహాసభకు మా బృందాన్ని పంపాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, కార్యవర్గంలో దాన్ని వ్యతిరేకించినవాణ్ని కూడా నేనే. అందువల్ల ఆ పాఠకుడి కోపం నాకు కొత్త కాదు. అయితే ఆ ప్రయాణం ముగిసి బృందం తిరిగి వచ్చాక నా అభిప్రాయంలో సగం మార్చుకోవలసి వచ్చింది. ఆ సగం గురించే ఈ లేఖ.

నా వ్యతిరేకతకు కారణం లేకపోలేదు. అంతకుముందు ఒకసారి ఇలాంటి సభకే మా సంస్థ నుంచి ఇద్దరు కార్యవర్గ సభ్యులు వెళ్లి వచ్చారు. ఇద్దరూ గౌరవనీయులే గాని, ఇద్దరిలో ఎవరికీ రోగి పాదం చేత్తో పట్టుకుని చూసిన అనుభవం లేదు. మాకు మిగిలినవి వేదిక ముందు దిగిన ఫొటోలు, మందుల కంపెనీల పేర్లు అచ్చువేసిన సంచులు. పైగా 2021లో ఈ మహాసభ కొవిడ్ కారణంగా ఆన్‌లైన్‌లోనే జరిగింది, దానివల్ల ఎవరి కొంపా మునగలేదు కదా అన్నది నా వాదన. ఓటింగులో ఓడిపోయాను. ఓడినవాడి పట్టుదలతో ఒక్క షరతు మాత్రం ఒప్పించుకున్నాను: పదవిలో ఉన్నవాళ్లు కాకుండా, రోగులతో రోజూ పనిచేసేవాళ్లే వెళ్లాలి. చివరికి మా శిబిరాల్లో పాద పరీక్షలు చేసే నర్సు, చిన్నతనం నుంచి టైప్ 1 మధుమేహంతో (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాని రకం) జీవిస్తూ కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల కుటుంబాలకు ధైర్యం చెప్పే యువతి, ఇంటింటికీ తిరిగే కార్యకర్త ఒకరు వెళ్లారు.

ఇంట్లో కూర్చుని తెలుసుకోగలిగినది ఏమిటో ముందుగా ఒప్పుకుంటాను. ప్రపంచంలో 20 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో 58.9 కోట్ల మందికి మధుమేహం ఉందని, వారిలో ప్రతి పదిమందిలో నలుగురికి ఆ సంగతే తెలియదని సమాఖ్య వెలువరించిన గణాంకాల నివేదిక 'అట్లాస్' పదకొండో సంచిక చెబుతోంది. దాన్ని చదవడానికి విమానం ఎక్కనక్కర్లేదు. పోషకాహార లోపంతో ముడిపడిన మధుమేహాన్ని టైప్ 5గా గుర్తిస్తున్నట్టు ఆ సభలోనే ప్రకటించారు. 1955లో జమైకాలో తొలిసారి వర్ణించిన ఈ రకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో తన వర్గీకరణలో చేర్చి, 1999లో తొలగించింది. సన్నగా, ఎముకల గూడులా ఉండే యువ రోగిని చూడగానే టైప్ 1 అనుకుని ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటూ పోతే, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చునన్న హెచ్చరిక పేద రోగుల మధ్య పనిచేసేవారికి ఎంతో అవసరమైనదే. కానీ అది కూడా మరునాటికల్లా అందరికీ తెలిసిపోయింది.

తెలియనిది వేరే ఉంది. మధుమేహం వల్ల నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ పోవచ్చు. అది ఉందో లేదో చూడటానికి మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగు వాడతారు. దాన్ని చర్మంపై నిటారుగా ఆనించి, పోగు వంగేదాకా, అంటే పది గ్రాముల ఒత్తిడి పడేదాకా నొక్కి, కళ్లు మూసుకున్న రోగిని ఎక్కడ తగిలిందో అడుగుతారు. మా నర్సు ఈ పని ఏళ్ల తరబడి చేస్తోంది. మహాసభలో ఒక భోజన విరామంలో వేరే దేశపు నర్సు పక్కన కూర్చుని మాటల మధ్య, తాము ఒక పోగుతో పది పదిహేను మందిని పరీక్షించాక ఒక రోజంతా దానికి విశ్రాంతి ఇస్తామని, లేకపోతే దాని బిగువు తగ్గి లెక్క తప్పుతుందని చెప్పిందట. మేము ఒకే పోగుతో ఉదయం నుంచి సాయంత్రం దాకా శిబిరం మొత్తం నడిపించేవాళ్లం. ఈ నియమం మార్గదర్శకాల్లో ఉన్నదే, మేమే పట్టించుకోలేదు. ఆ మాట విన్న తర్వాత తనకు ఆ పూట భోజనం సహించలేదని మా నర్సు చెప్పింది. పోగు గురించిన ఆ మాట నాకు ఏ ప్రసంగ పాఠం కన్నా విలువైనదిగా తోచింది.

రెండో సంగతి నా ఒంటి మీదే రుజువైంది. నేను తొమ్మిదేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. బృందం తిరిగి వచ్చాక జరిగిన మొదటి సమావేశంలో ఆ నర్సు నన్ను పక్క గదిలోకి పిలిచి, వేళ్లకు జెల్ రాసుకుని నా పొట్ట మీద మెల్లగా తడిమి, బొడ్డుకు ఎడమవైపు ఒకచోట ఆగి, "సార్, రోజూ ఇక్కడే వేసుకుంటున్నారు కదూ?" అంది. చూపుకు ఆనని మెత్తని ఉబ్బు అది. ఒకేచోట పదేపదే సూది వేస్తే చర్మం కింద కొవ్వు అలా పేరుకుంటుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చేయి తనంతట తానే అక్కడికి పోతుంది. అక్కడ వేసిన మందు ఒకరోజు ఒకలా, మరోరోజు మరోలా ఒంటబడుతుంది. నా షుగర్ ఎందుకు నిలకడగా ఉండటం లేదో అప్పుడు తెలిసింది. చోటు మార్చగానే అదే మోతాదు ఎక్కువగా పనిచేస్తుందని, డాక్టరును అడిగి ముందే తగ్గించుకోవాలని కూడా ఆమే హెచ్చరించింది. సూది చోటు మారుస్తూ ఉండాలని మేమే కరపత్రాల్లో అచ్చువేసి పంచాం; వేళ్లతో తడిమి చూడటం మాత్రం మాలో ఎవరూ చేయలేదు.

టైప్ 1 ఉన్న యువతి ప్రయాణానికి సిద్ధమైన తీరు కూడా చెప్పదగినదే. విమానం సరుకు గదిలో గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు కాబట్టి మందంతా వెంట ఉండే సంచిలోనే పెట్టుకుంది. తూర్పుకు ఎగిరితే రోజు కుదించుకుపోతుంది, పడమరకు ఎగిరితే సాగుతుంది. దానికి తగ్గట్టు మోతాదు ఎలా మార్చుకోవాలో డాక్టరు చేత ముందే రాయించుకుంది. ఆ కాగితమే ఇప్పుడు మా దగ్గరకు వచ్చే కుటుంబాలకు నమూనా.

ఇక డబ్బు. ఇలాంటి సభల్లో షుగర్ కొలిచే సెన్సర్లు, ఇన్సులిన్ పంపులు, ఇన్సులిన్ పెన్నులు తయారుచేసే కంపెనీల ప్రదర్శనశాలలు ప్రసంగ మందిరాలతో పోటీపడుతుంటాయి. మా ముగ్గురిలో ఒకరి ఖర్చు భరిస్తామని ఒక సంస్థ ముందుకొస్తే కాదన్నాం. ఆ నిర్ణయం విషయంలో మాత్రం నా మిగతా సగం అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. రేపు రోగికి ఏ పరికరం కొనమని సలహా ఇవ్వాలో నిర్ణయించే మనిషి టిక్కెట్టు, ఆ పరికరం అమ్మేవాడు కొనకూడదు.

మీ పాఠకుడికి, ఆయనలా ఆలోచించే దాతలందరికీ నా మనవి ఇది. విరాళం ఇచ్చిన సంస్థ విదేశీ సభకు వెళ్తోందని తెలిస్తే వద్దనే ముందు, ఎవరు వెళ్తున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగి వచ్చిన మూడు నెలల్లో రోగుల దగ్గర ఏ పని మారింది అన్న మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. మా జవాబులు ఈ ఏటి జమాఖర్చుల నివేదికలో అచ్చువేశాం. అందులో రోజంతా ఒకే పోగు వాడిన మా పొరపాటు కూడా ఉంది. ఆ శిబిరాల్లో మేము పరీక్షించి పంపినవారిని మళ్లీ పిలిచి పరీక్షిస్తున్నాం. వారిలో చాలామందికి ఇంకా కబురు అందవలసి ఉంది.

ఇట్లు,
ఒక స్వచ్ఛంద సంస్థ కోశాధికారి