చిన్నా, నొప్పి లేదని ఊరుకోకు

చిన్నా,

నడుం నొప్పికి రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నానని ఫోన్‌లో ఎంత తేలిగ్గా అనేశావో, అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. డాక్టరు రాయకుండా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగితే ఎవరి కిడ్నీలైనా దెబ్బతినొచ్చు, మనమా శ్రీకాకుళం ఉద్దానం వాళ్లం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఎటు వెళ్లినా ఈ కిడ్నీ జబ్బే, నీళ్లంటారు, ఎండలో పనంటారు, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

మీ పెదనాన్నకి నొప్పి అన్నదే లేదు. ఆకలి తగ్గింది, అన్నం ముందు కూర్చుంటే వికారం, గ్యాసేలే అని సోడా తాగేవారు. కాళ్లు వాచాక రక్తం టెస్ట్ చేయిస్తే క్రియాటినిన్, అదే కిడ్నీలు బయటికి పంపాల్సిన చెత్త, ఆరు దాటింది. ఇప్పుడు వారంవారం పలాసలో డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీదే. డయాలసిస్ సూదుల కోసం చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా దగ్గర వేలు పెడితే లోపల రక్తం జుమ్ముమంటూ పారడం తెలుస్తుంది. ఇంత ఎండల్లోనూ నీళ్లు సీసాతో కొలుచుకుని తాగాలి, అయిపోతే నోరు తడుపుకోవడమే.

అందుకే మందుల షాపులో అడిగి మాత్రలు కొనడం మానెయ్, నడుం డాక్టరుకి చూపించు. క్రియాటినిన్‌తో పాటు యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుందేమో చూసే టెస్ట్ కూడా అడుగు, ఎందుకంటే కిడ్నీ సగం దాకా పాడైనా క్రియాటినిన్ మామూలుగానే కనిపించొచ్చు. బీపీ కూడా చూపించుకో.

ఇంకొక మాట. టెస్ట్ అనగానే నువ్వు మాట మార్చేస్తున్నావు, అర్ధరాత్రి రెండింటికి వాట్సాప్‌లో కనిపిస్తున్నావు, అన్నం తిన్నావా అంటే ఊఁ అంటావు తప్ప ఏం తిన్నావో చెప్పవు. పెదనాన్నని చూసి నీలో భయం పాతుకుపోయిందని నాకు అర్థమవుతూనే ఉంది. మన ఊళ్లో సంబంధాలు చెడిపోతాయని రిపోర్టులు దాచే ఇళ్లున్నాయి, మన ఇంట్లో ఆ దాపరికం వద్దు. ముందే తెలిస్తే బీపీ అదుపులో పెట్టుకుని, పడని మందులు మానేసి ఏళ్లకేళ్లు నెట్టుకురావచ్చు, తెలియకపోతేనే చేతులు దాటిపోతుంది.

నిద్ర పట్టకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన విషయమే, బలహీనత అనుకోకు. నాతో చెప్పలేని మాటలుంటే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళైనా ఎత్తుతారు.

ఈ శనివారం సెలవే కదా, వెళ్లి టెస్ట్‌లు చేయించుకో. ఒంటరిగా వెళ్లబుద్ధి కాకపోతే చెప్పు, శుక్రవారం రాత్రి ట్రైన్ ఎక్కేస్తాను.

అమ్మ