కుముదినీదేవి గారి గురించి సగమే రాశారు

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ ఆదివారం సంచికలో హైదరాబాద్ తొలి మహిళా మేయర్ రాణి కుముదినీదేవి గారి మీద వ్యాసం వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

వ్యాసం నిండా వనపర్తి సంస్థానం, కోట, పెళ్లి ముచ్చట్లే. చివర్లో ఆవిడకు కుటుంబమన్నా దేవుడన్నా ప్రాణమని ఒక ముక్క రాసి ముగించేశారు. ఆ భక్తి ఆవిడ చేత ఏం చేయించిందో ఎక్కడ రాశారు? కుష్టురోగుల కోసం ఆవిడ పెట్టిన కూకట్‌పల్లి శివానంద రిహాబిలిటేషన్ హోమ్‌కు మీరిచ్చిన చోటు రెండు లైన్లు. అందులోనూ కుష్టు అనే మాట రాకుండా ‘దీర్ఘవ్యాధిగ్రస్తులు’ అని సరిపెట్టారు.

పింగళి వారి ఆడబిడ్డ, వనపర్తి కోడలు. ఋషీకేశ్‌లోని స్వామి శివానందను గురువుగా నమ్మారు. ఆ స్వామి సన్యాసానికి ముందు మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, డాక్టరు. శిష్యులకు ఆయన చెప్పిన వరుసలో మొదటి మాట సేవ. ధ్యానం ఆ తర్వాతెప్పుడో వస్తుంది. ఈవిడ ఆ వరుస తప్పలేదు. 1958లో గురువు పేరుతో ఆ హోమ్ మొదలుపెట్టారు. మేయర్ అయింది 1962లో. అంటే కుష్టురోగుల పని ముందు, పదవి తర్వాత. ఇంట్లో ఒకరికి ఆ జబ్బుందని తెలిస్తే ఊరంతా వెలివేసే రోజులవి. అలాంటి రోగుల మధ్యకు వెళ్లడానికి సంస్థానం ఇంటి ఆడవాళ్లకు ఎంత ధైర్యం కావాలో మీ రచయిత ఒక్క క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది.

నాకెందుకింత బాధ అంటే, మా మేనమామది అదే జబ్బు. మందులు వాడి ఎప్పుడో నయమైంది. వేళ్లు మాత్రం అరిగిపోయాయి. రేషన్‌కు వెళ్తే మిషన్ మీద వేలిముద్ర పడదు. వేళ్లు లేనివారికి మినహాయింపు ఉందని రూల్స్‌లో ఉంది, కౌంటర్ దగ్గర కూర్చున్నవాడికి మాత్రం తెలియదు. కాగితాలు పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాం. ఒకచోట గుమస్తా ఆ కాగితాలను ముట్టుకోవడానికే జంకాడు. డెబ్బై దాటిన మనిషి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఏ ఆఫీసర్ అయినా కుర్చీలోంచి లేచి బయటికొచ్చి ఆయన ముఖం చూశాడా? లేదు.

దేశం 2005లోనే కుష్టును నిర్మూలించినట్టు ప్రకటించారు. పదివేల మందిలో ఒకరికన్నా తక్కువకు తగ్గిందనే దాని అర్థం, జబ్బు పోయిందని కాదు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోనే. పాత చట్టాలు చూడండి. కుష్టు ఉందని విడాకులు అడగొచ్చనే నిబంధనను తీసేయడానికి 2019 దాకా పట్టింది. కుష్టు ఉన్నవాళ్లు మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న ఒడిశా నిబంధనను 2008లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఒక మేయరమ్మ ఆ రోగులను అక్కున చేర్చుకున్న దేశంలో వాళ్లు కార్పొరేటర్‌గా నిలబడటానికే పనికిరారని అప్పట్లో తేల్చారన్నమాట! మేయర్ మీద వ్యాసంలో ఈ సంగతికి చోటు లేకపోతే ఇంకెక్కడ రాస్తారు?

కుటుంబం మాటకొస్తే, అది నిజమే. కానీ ఆవిడ కుటుంబం కోట గోడల దగ్గర ఆగలేదు. తొంభై ఎనిమిదేళ్లు బతికి 2009లో వెళ్లిపోయారు. కొత్త తరానికి పేరు కూడా తెలియదు. కార్పొరేటర్లను అడిగి చూడండి, ఎంతమంది చెప్తారో. మంత్రుల పుట్టినరోజుకు నగరమంతా ఫ్లెక్సీలు కడతారు. ఈవిడ పుట్టినరోజు జనవరి 23న ఒక దండ వేసే దిక్కు లేదు.

ఆ తర్వాత వారానికే, జనవరి 30న, కుష్టు వ్యతిరేక దినం. ఆ రోజుకైనా మీ విలేకరిని ఒకసారి కూకట్‌పల్లి పంపండి. అక్కడి రోగులతో, నర్సులతో మాట్లాడి రాయమనండి. మీరు వదిలేసిన సగం వాళ్ల దగ్గర దొరుకుతుంది. కుష్టు అనే మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేయండి, మా మామయ్యకు నేనే చదివి వినిపిస్తాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్