రబ్బరు బూట్లిచ్చిన పెద్దాయనకు

కోస్టారికాలోని టోర్టుగేరోకి రోడ్డు లేదు, ఎక్కువమంది పడవలోనే వెళ్తారు. పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టే ఆ తీరంలో రాత్రి కాపలాకు వాలంటీరుగా వెళ్లాను. తాబేళ్ల దగ్గర తెల్ల లైటు వేయొద్దని పదిసార్లు చెప్పినవాళ్లు, కాళ్లకు ఏం వేసుకోవాలో ఒక్కసారీ చెప్పలేదు. శాండల్స్‌తో దిగాను.

రేవులో పడవ కడుతున్న మీరు నా కాళ్లు చూసి, తల అడ్డంగా ఊపి, మీ రబ్బరు బూట్లు విప్పి నా ముందు పెట్టారు. ఒకదానికి మడమ దగ్గర ట్యూబు ముక్కతో ప్యాచీ. నేను మొహమాటపడితే, చేతిని పాములా ఆడించి "టెర్సియోపెలో" అన్నారు. స్పానిష్‌లో ఆ మాటకు మఖ్మల్ అని అర్థమట! అంత విషమున్న పాముకి ఆ పేరేంటో.

మూడో రాత్రి, తీరానికెళ్లే దారిలో, నా బూటుకి జానెడు దూరంలో చుట్టుకుని ఉంది. గైడు చెయ్యి పట్టి లాగేదాకా ఎండుటాకులే అనుకున్నాను. విరుగుడు మందు ఆ దేశంలోనే తయారవుతుంది, నిజమే. కానీ అర్ధరాత్రి పడవెక్కి ఆస్పత్రికి చేరాలి కదా.

తిరిగొచ్చే రోజు రేవులో మీరు లేరు. బూట్లు కడిగి, లోపల కొత్త సాక్సులు పెట్టి, పక్క పడవాయనకిచ్చాను. మీ పేరైనా అడగలేదు. గ్రాసియాస్, పెద్దాయనా.