మేయో పొలంలో మట్టి మోసినవారికి, జల్లెడ పట్టినవారికి

ఐర్లాండులోని మేయో కౌంటీలో, పాతకాలపు సాగు బోదెలున్న (ఎత్తు చేసిన మట్టి కట్టలున్న) పచ్చిక పొలంలో, వాటి వయసు, తీరు తెలుసుకోడానికి తవ్విన మా పరీక్ష కందకం పని ముగిసింది. సెలవు రోజుల్లో గాల్వే నుంచి వచ్చి సాయపడిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, పొలం ఇచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు.

ఈ బోదెలను అక్కడ లేజీ బెడ్లంటారు. పేరులోనే బద్ధకం, పనంతా నడుము విరిగేదే. నేల మీద ఎరువో సముద్రపు పాచో పరిచి, పక్కనున్న పచ్చిక గడ్డను పారతో కోసి దాని మీద బోర్లిస్తారు. ఆపైన సాలులోని మట్టి ఎత్తిపోస్తారు. అందుకే బోదెను అడ్డంగా కోస్తే అడుగున నల్లటి సన్నని గీత కనిపిస్తుంది. అది బోర్లించిన గడ్డి. మీటరు వెడల్పు, 6 మీటర్ల పొడవుతో బోదెలకు అడ్డంగా తవ్వింది దానికోసమే. బోదె వెంబడి తవ్వితే దాని ఆకారమే తెలియదు. మట్టి ఆరితే ఆ గీత మాయమవుతుంది. స్ప్రే సీసాతో గంటల తరబడి తడుపుతూ నిలబడ్డ చెల్లెలి ఓపికకు దండం.

పల్లంలోని మూడు తిన్నని చారలు తన తండ్రి వేయించిన రాతి మురుగు కాలువలని పెద్దాయన చెప్పారు. చెప్పకపోతే వాటినీ పాత సాళ్లుగానే లెక్కేసేవాళ్లం.

జల్లెడలో దొరికిన పింగాణీ, పొగాకు పీల్చే మట్టి గొట్టాల ముక్కలతో బోదెల వయసు తేలదు. అవి ఇంటి పెంటతో ఎప్పుడైనా వచ్చి ఉండొచ్చు. రాతి గోడ ఇచ్చిన సాక్ష్యం గట్టిది. బోదెలు దాని కిందుగా సాగిపోయాయి, ఆ గోడేమో 1830ల నాటి ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ భూసర్వే) పటంలోనే ఉంది. కాబట్టి ఇవి బంగాళాదుంప పంటకు తెగులు సోకి 1845లో మొదలైన కరువుకు ముందువి. కనిపించిన ప్రతి బోదెనూ ఆ కరువుకు అంటగట్టకూడదు. ఐర్లాండులో బంగాళాదుంప రాకముందే పారతో బోదెలు వేసేవారు.

సాళ్ల అడుగు నుంచి తీసిన మట్టి నింపిన 10 లీటర్ల బకెట్లకు లోపలొకటి, బయటొకటి చీటీ పెట్టిన తమ్ముడికి ప్రత్యేక ధన్యవాదాలు. వానకు బయటి చీటీలు సగం చెరిగిపోయాయి. ఆ మట్టిలో మాడిన బార్లీ గింజ ఒక్కటి దొరికినా వయసు తేల్చే కార్బన్ పరీక్షకు పంపొచ్చు.

పూడ్చేటప్పుడు అడుగు మట్టి ముందు, పైమట్టి తర్వాత, పచ్చిక గడ్డలు చివర. జానెడు మందానికోసారి తొక్కారు కాబట్టి సరిపోయింది, లేకుంటే నేల కుంగి ఆవు కాలు విరిగేది. గడ్డలు వేళ్లూనేదాకా ఆవుల్ని అటు రానివ్వనని, నీళ్లు కూడా పోస్తానని పెద్దాయన మాటిచ్చారు. మేయోలో ఆ రెండో పని వానే చూసుకుంటుందనుకోండి.