బాలి యోగా శిక్షణ: వరిచేను ఫొటో కోసమేనా?

సంపాదకులకు,

యోగా టీచరు సర్టిఫికెట్ కోసం ఇండోనేషియాలోని బాలి దీవికి బయల్దేరే తెలుగువాళ్లకు ఉపయోగపడుతుందని ఈ లేఖ. అక్కడి ప్రకటనల్లో చెక్క అరుగు, దాని వెనక మెట్లుమెట్లుగా వరిమళ్లు, కింద ‘200 గంటల శిక్షణ, పల్లె జీవితం’ అన్న మాట ఉంటాయి. ఒకసారి లెక్క వేయండి. 24 రోజుల్లో 200 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల పైచిలుకు. 20 రోజుల్లోనే ముగిస్తామంటే పది గంటలు. ఇక పల్లెను చూసేది కిటికీలోంచే! ఊరితో కాస్త పరిచయం కావాలంటే కోర్సు తర్వాత ఒక వారం విడిగా పెట్టుకోవాలి.

అక్కడే వీసా మెలిక పడుతుంది. విమానాశ్రయంలో ఇచ్చే వీసా 30 రోజులకే, రుసుము 5 లక్షల రూపాయాలు (మన రూపాయలు కావు, ఇండోనేషియా నాణెం; కింది లెక్కలూ అందులోనే). దిగిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. పొడిగింపు ఒక్కసారే, మరో 30 రోజులు. గడువు దాటితే రోజుకు 10 లక్షల రూపాయాల జరిమానా. కాబట్టి 28 రోజుల కోర్సుకు వారం కలిపేవాళ్లు చివరి రోజుదాకా ఆగకుండా ముందే పొడిగింపుకు పెట్టుకోవాలి. పర్యాటకుల రుసుము 1.5 లక్షల రూపాయాలు దీనికి అదనం. ఈ వీసా మీద అక్కడ పాఠాలు చెప్పకూడదు. డబ్బు తీసుకోకుండా చెప్పినా చిక్కే.

చూడాల్సింది ఆ వరిచేల వెనకున్న నీటి కట్టుబాటు. దాన్ని సుబక్ అంటారు. యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే కాలువ నీళ్లు తాగే మళ్ల రైతులంతా ఒక సుబక్. వాళ్లు ఎన్నుకునే పెద్దను పెకసెహ్ అంటారు. మన చెరువుల కింద నీరటి చేసే పని గుర్తుందిగా, దానికి పెద్దరికం కూడా తోడైతే ఇతనే. కాలువ చీలేచోట కొబ్బరి మొద్దుకో సిమెంటు దిమ్మెకో గాట్లు కనిపిస్తాయి. గాట్ల లోతు ఒకటే, వెడల్పులో తేడా. ఎవరి వాటా ఎంతో వాళ్ల గాటు అంత వెడల్పు. ఆ గాటులో ఒక రాయో గడ్డిపెళ్లో అడ్డంగా ఉంటే అది చెత్త కాదు, ఎవరో లెక్కగా పెట్టినది. గట్టు మీద ధ్యానానికి కూర్చుని ‘శుభ్రం’ చేశారంటే కింది మడికి నీళ్లు తప్పుతాయి.

నాట్లు ఎప్పుడన్నదీ అందరూ కలిసే తేల్చుకుంటారు. 1970లలో హరిత విప్లవం పేరిట వీలైనన్ని పంటలు వేయమని ప్రభుత్వం చెప్పింది. ఎవరికి వారు నాటేసరికి పొలానికి విరామం లేకపోయింది. సుడిదోమ, ఎలుకలు ఒక మడి కోయగానే పక్క పచ్చటి మడికి చేరాయి. అందరూ ఒకేసారి కోసి, కొన్నాళ్లు మళ్లలో పైరు లేకుండా నీళ్లు నిలిపి ఉంచితే పురుగుకు తిండి ఉండదు. కోతయ్యాక బాతుల్ని వదిలేదీ అప్పుడే. దోమపోటు ఎరిగిన రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

నాట్లలో చేయి కలుపుతామంటే రైతులు మామూలుగా వద్దనరు. పొద్దున రెండు గంటలు ముందుకు వంగే ఆసనాలు వేసి, మళ్లీ మడిలో వంగితే పిర్ర కింద తొడ వెనక నొప్పి పట్టుకుంటుంది. కోర్సు నడిచే రోజుల్లో ఈ సరదా వద్దు. బురదలో కాలు ఇరుక్కుంటే మోకాలు తిప్పి లాగకూడదు. మడమను ముందు లేపి, వేళ్లు కిందికి ఉంచి తీస్తే జారి వచ్చేస్తుంది. పాదానికి చీరుకున్న గాయం ఉంటే అసలు దిగొద్దు. ఎలుకల మూత్రం కలిసిన నీటినుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. కుక్కగానీ కోతిగానీ కరిస్తే గాయాన్ని పావుగంట సబ్బుతో కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. బాలిలో 2008 నుంచి రేబీస్ ఉంది.

శాకాహారులకు ఒక మాట. సోయాతో చేసే టెంపే, టోఫు దొరుకుతాయి గానీ సంబల్ అనే మిరప పచ్చడిలో, గాడోగాడో అనే కూరగాయల వంటకం మీద పోసే పులుసులో రొయ్యల ముద్ద తరచు కలుస్తుంది. ‘తన్పా తెరాసి’ అని అడగాలి, అంటే ఆ ముద్ద లేకుండా అని.

వీధిలో, గడప ముందు దేవుళ్లకు పెట్టిన లేత కొబ్బరాకు పళ్లేలు కనిపిస్తాయి. వాటిని చనంగ్ సారి అంటారు. తూర్పున తెల్లపూలు, దక్షిణాన ఎర్రవి, పడమట పసుపువి, ఉత్తరాన నీలంవో ఆకుపచ్చవో పెడతారు. పైన అగరుబత్తి వెలుగుతున్నంతసేపు వాటిని దాటకుండా పక్కనుంచి వెళ్లాలి. గుడికి వెళ్తే నడుముకు సరోంగ్ అనే లుంగీలాంటి బట్ట, దాని మీద పట్టీ తప్పనిసరి.

తేదీలు ఖరారు చేసేముందు న్యేపి ఎప్పుడో చూసుకోండి. అది అక్కడి శక సంవత్సరాది, మన ఉగాది లెక్కకు దగ్గరి చుట్టం. 2026లో రెండూ మార్చి 19నే. ఆ ఉదయం ఆరు నుంచి మర్నాడు ఆరుదాకా విమానాశ్రయం మూత, రోడ్డు మీదికి రాకూడదు, దీపం వెలిగించకూడదు. ఆ రోజుకు తిరుగు టికెట్ కొని ఇరుక్కునేవాళ్లున్నారు.

ఫీజు కట్టేముందు శిక్షణ కేంద్రాన్ని రెండే అడగండి: మీ పక్క పొలం ఏ సుబక్ కింద ఉంది, మేం వచ్చే నెలలో అక్కడ నాట్లా, కోతా?

ఇట్లు,
ఒక యోగా అధ్యాపకుడు, విశాఖపట్నం