నన్ను మెషీన్ దగ్గరికి రానిచ్చిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారమండి. విశాఖ దగ్గర ఒక కంపెనీలో సీఎన్‌సీ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే మెషీన్లు) టర్నింగ్ సెక్షన్‌లో నా అప్రెంటిస్‌షిప్ పూర్తయింది. అక్కడే ఆపరేటర్‌గా తీసుకున్నారు. ఇంట్లో చెప్పుకున్నాక ఈ మాట చెప్పాల్సిన వాళ్లు మా పాలకొల్లు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఫోన్లు చేశాను గానీ, నలుగురిలోనూ చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు. పేర్లు రాయొద్దన్నారు. చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలిసిపోతుంది.

ముందు లేత్ షాపు బాబాయి గారికి. నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్, అంటే లోహపు ముక్కని లేతు మీద తిప్పుతూ కోసే పని, తీసుకుంటే, ఆడపిల్లకి లేతు ఎందుకమ్మా అన్నవాళ్లే ఎక్కువ. ఒక షాపులో అయితే గుమ్మం కూడా ఎక్కనివ్వలేదు. బాబాయి గారు మాత్రం "చున్నీ వద్దు, జడ ముడేసి క్యాప్ పెట్టుకో, గాజులు తీసెయ్, రేపు సాయంత్రం నుంచి రా" అన్నారు. అంతే, ఇంకేమీ అడగలేదు.

ఆ షాపుకి వచ్చేది ఎక్కువగా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల షాఫ్టుల పని. రొయ్యల చెరువులున్న వాళ్లకి చెప్పక్కర్లేదు, రాత్రిపూట ఏరేటర్ ఆగిందంటే తెల్లారేసరికి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, పంట పోతుంది. అంత టెన్షన్‌తో రైతు గుమ్మంలో నిలబడి ఉన్నా బాబాయి గారు నా చేత్తోనే బేరింగ్ సీటు (షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటు) తీయించి, పక్కనే నిలబడి చూసేవారు. ఆ రైతులకి కూడా దండాలు. ఒక్కరు కూడా "పిల్ల చేత చేయిస్తున్నావేంటి" అనలేదు. 25 మిల్లీమీటర్ల బేరింగ్ సీటుకి డ్రాయింగ్‌లో కే6 (సైజులో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే గుర్తు) అని ఉంటే సైజు 25.002కీ 25.015కీ మధ్యలో రావాలి. మధ్యలో ఉన్నది 13 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా ఎంతో సన్నం. ఆ సైజు పాత లేతు మీద చేత్తో తీయడం ఆయన దగ్గరే చూశాను.

ఉప్పునీళ్ల చెరువులకి ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) షాఫ్టులు వేస్తారు. ఎస్ఎస్ 304 మీద భయపడి మరీ సన్నగా కట్ ఇస్తే టూల్ కోయకుండా రుద్దుతుంది, దాంతో పైపొర గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఏ టూల్ పెట్టినా అంచు పోతుంది. "కోస్తే కొయ్యి, రుద్దకు" అనేవారు బాబాయి గారు. కంపెనీ ప్రాక్టికల్ టెస్టులో నాకు ఇచ్చిన జాబ్ (కోయాల్సిన ముక్క) ఎస్ఎస్‌దే! ఫీడ్ (టూల్ ముందుకి జరిగే వేగం) ఎందుకు తగ్గించలేదని అడిగితే ఆయన చెప్పిందే చెప్పాను. టెస్టు తీసుకున్న సార్ ఇంకేం అడగలేదు.

మా ఐటీఐ సార్‌కి రెండో దండం. ఖాళీ పీరియడ్లలో మా చేత కాగితం మీద ప్రోగ్రాములు రాయించి, సొంత లాప్‌టాప్‌లో సిమ్యులేటర్ మీద నడిపించేవారు. కోడ్లు బట్టీ పట్టనిచ్చేవారు కాదు. 25 మిల్లీమీటర్ల జాబ్‌కి కటింగ్ స్పీడు నిమిషానికి 150 మీటర్లు అయితే ఆర్‌పీఎం ఎంత అని బోర్డు మీద వేయించేవారు, దాదాపు 1,910 వస్తుంది. ఫేసింగ్‌లో (జాబ్ చివరి ముఖం చదును చేసేటప్పుడు) కటింగ్ స్పీడు ఒకేలా ఉంచే జీ96 కోడ్ పెడితే టూల్ మధ్యకి వెళ్లేకొద్దీ వ్యాసం తగ్గుతుంది, ఆర్‌పీఎం పెరిగిపోతూ ఉంటుంది. అందుకే ముందు జీ50తో దానికి హద్దు పెట్టాలి, లేకపోతే చక్‌లో (జాబ్‌ని పట్టుకుని తిప్పే భాగంలో) జాబ్ నిలవదు అని లెక్క వేసి మరీ చూపించారు. ఎందుకో తెలిసిన కోడ్ ఇక మర్చిపోలేదు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉందనీ, విజయవాడలో కూడా దాని శాఖ ఉందనీ ఆయన చెప్పేదాకా మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. ఐటీఐ తర్వాత ఏం చేయాలో తెలియక తిరుగుతున్న పిల్లలు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ ఒక్క ముక్క చేరినా చాలా మేలు.

నేను విజయవాడలో సీఎన్‌సీ షార్ట్ టర్మ్ కోర్సు చేయడానికి డబ్బు అమ్మ డ్వాక్రా గ్రూపు నుంచి వచ్చింది. లోన్ వంతు వేరే పిన్నిది. వాళ్ల ఇంటి స్లాబు పని ఆపుకుని మరీ అమ్మకి వదిలేసింది. పిన్నీ, దీనికి థాంక్స్ అంటే సరిపోదు.

అప్రెంటిస్ రిజిస్ట్రేషన్ చేయించిన నెట్ సెంటర్ అన్నయ్యకి కూడా. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంది. అన్నయ్య ఆధార్ సరిచేయించేదాకా నా వెంట తిరిగాడు, పైసా తీసుకోలేదు. అప్రెంటిస్‌కి అప్లై చేసేవాళ్లు ముందు ఈ రెండు పేర్లూ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

కంపెనీలో నా షిఫ్ట్ సీనియర్ అక్క ఒకావిడ ఉన్నారు, ఆవిడది ఒడిశా. భాష సగం సగమే కలిసినా పని మొత్తం నేర్పారు. కొత్త ప్రోగ్రామ్‌లో మొదటి పీసు ఎప్పుడూ సింగిల్ బ్లాక్‌లోనే (ఒక్కో లైను చొప్పున), ర్యాపిడ్ (కోయకుండా టూల్ కదిలే వేగం) తగ్గించి, చెయ్యి టూల్‌ని ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ దగ్గర పెట్టి నడపాలి. వ్యాసం 20 మైక్రాన్లు ఎక్కువ వస్తే ప్రోగ్రామ్ ముట్టుకోకుండా వేర్ ఆఫ్‌సెట్‌లో (టూల్ అరుగుదలకి సైజు సర్దే చోట) ఎక్స్ మైనస్ 0.02 వేయాలి. ఆవిడ ఓపిక నాకు ఎప్పటికి వస్తుందో!

కోర్సుకి వెళ్లేటప్పుడు ఐటీఐ సార్ తన సొంత మైక్రోమీటర్ నా చేతిలో పెట్టారు. మొన్న ఊరికి వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేశాను. నా డ్రాయింగులు, ప్రోగ్రామ్ నోట్సు జిరాక్స్ తీయించి లేత్ షాపులో పెట్టాను. టర్నర్, మెషినిస్ట్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అడిగి తీసుకోండి. సంక్రాంతికి వస్తున్నాను, సాయంత్రాలు షాపులోనే ఉంటాను. చెల్లెళ్లు తప్పకుండా రండి, బాబాయి గారు సరేనన్నారు.