కేజీఎఫ్ వైండర్‌ను పాత ఇనుము కానివ్వకండి సార్

కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కుప్పం దగ్గర పల్లె సార్. మా తాత కర్ణాటకలోని కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ అనే గనిలో వైండర్ నడిపేవాడు. అంటే షాఫ్ట్‌లో (గని నిలువు బావిలో) మనుషుల్ని ఇనుప తాడు మీద దించి, పైకి లాగే యంత్రం. తాడు చుట్టుకునే డ్రమ్ము ముందు కూర్చున్నవాడికి కింద ఏమవుతోందో కనపడదు, గంట ఎన్నిసార్లు మోగిందో విని కేజ్‌ను (మనుషులెక్కే ఇనుప బోనును) దించాలా, ఎత్తాలా, ఆపాలా తెలుసుకోవాలి. రిటైరయ్యాక కూడా, అన్నం తింటుంటే గుడి గంట వినపడితే ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. లెక్కపెట్టుకునేవాడు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లు తవ్వారు, 3 కిలోమీటర్లు దాటి దిగారు, ఆ అడుగున రాయి వేడే 60 డిగ్రీల పైన ఉండేది. ఈ గనుల కోసమే 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు లైను లాగారు, బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాతే. 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల (అతి సూక్ష్మ కణాల) జాడ మొదట పట్టిన చోట్లలో ఇదీ ఒకటి. ఇంత చరిత్ర ఉన్న ఊరికి ఎవరైనా వస్తే ఇప్పుడు చూసేదేంటి? బంగారం తీశాక మిగిలిన రాతిపొడి పోసిన సైనైడ్ దిబ్బలెక్కి ఫోటోలు దిగి పోతున్నారు, ఆ దుమ్ము మంచిది కాదు, ముందు వాటికి కంచె వేయించండి.

మమ్మల్ని గనిలోకి దింపమని అడగట్లేదు. పంపులు ఆగాక లోపలంతా నీళ్లే. పైన ఉన్నవాటి గురించే మా బాధ. ఒక్క షాఫ్ట్ దగ్గరైనా హెడ్‌గేర్ (షాఫ్ట్ మీది ఎత్తైన చట్రం), పైన చక్రాలు, తాడు, వైండర్ గది, గంట అన్నీ ఉన్నచోటే ఉంచి బాగు చేయించండి. విడదీసి ఎక్కడో మ్యూజియంలో పెడితే ఏ తాడు దేన్ని లాగేదో పిల్లలకు ఎలా తెలుస్తుంది? డ్రమ్ము మోటారుతో మెల్లగా తిరగాలి, గంట మోగాలి. జోహాన్నెస్‌బర్గ్‌లో పాత బంగారు గని షాఫ్ట్ దగ్గర గోల్డ్ రీఫ్ సిటీ కట్టారు, జనం వెళ్తున్నారు. మనకు అక్కడిలా రంగులరాట్నాలు అక్కర్లేదు. రాక్‌బర్స్ట్‌లలో (ఒత్తిడికి లోపలి రాయి పేలి పడినప్పుడు) పోయినవాళ్ల పేర్లు, రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు పాడైనవాళ్ల కథ ఉండాలి, బోర్డులు కన్నడంతో పాటు తమిళంలో, తెలుగులో కూడా ఉండాలి, ఎందుకంటే దిగినవాళ్లలో ఎక్కువమంది ఆర్కాటు, చిత్తూరు వైపు వాళ్లే.

స్థలం కేంద్రానిది, పర్యాటకం రాష్ట్రానిది, అందుకే కర్ణాటక ప్రభుత్వంతో మీరే మాట్లాడాలి. మూతపడేనాటికి 30 ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవైకి దగ్గరపడుతున్నారు. ఆ గంటల లెక్క తెలిసినవాళ్లు ఇంకా ఆ కాలనీల్లో ఉన్నారు సార్, జీతమిచ్చి గైడ్లుగా పెట్టుకోండి, కన్సల్టెంట్ల కంటే ముందు వాళ్లను కలవండి.